ముప్పై నాలుగో పేజీలో పోయిన పశువులు

ఈ మార్చిలో భారతి ఫోన్ చేసింది. "మునెప్ప తాతా, స్కూలు పుస్తకం ప్రూఫ్ రెడీగా ఉండాది. ఒకసారి వచ్చి చూస్తావా?" అంది. రాబర్ట్‌సన్‌పేటలో (మాది బంగారు గనుల ఊరు) నేను యాభై ఏళ్లకు పైగా పనిచేసిన ప్రెస్సులో ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి భారతి. నేను మానేసి నాలుగేళ్లయింది. అయినా మార్చి వస్తే నన్ను పిలుస్తారు.

పదో తరగతి పిల్లలు బడి వదిలిపోయే ముందు కన్నడంలో వేయించుకునే వీడ్కోలు పుస్తకం అది. ఒక్కొక్కరికి ఒక ఫొటో, దాని కింద నాలుగు లైన్లు: పేరు, స్వభావం, హాబీ, ఆశయం. నలభై ఆరుగురు పిల్లలు. ముక్కుమీదికి కళ్లజోడు లాక్కుని చదువుతూ పోయాను. ముప్పై ఒక్కరు ఐఏఎస్ కావాలట. తొమ్మిదిమంది డాక్టర్లు. మిగిలిన ఆరుగురు ఇంజనీర్లు.

"ఏమ్మా ఇది? ఒకే అమ్మ కడుపున పుట్టినారా అందరూ?"

"స్కూలోళ్లే అట్లా చెప్పినారు తాతా. వచ్చే ఏడాది అడ్మిషన్లకి వచ్చేవాళ్లకి ఈ పుస్తకమే చూపిస్తారంట. ఒకటి కొట్టి, మిగతావి పేస్ట్ చేసేసినాను."

"పిల్లలు రాసిన కార్డులు యాడ?"

"అదో, ఆ సంచిలో."

"విప్పినావా?"

"ల్యాదు."

ఒళ్లు మండింది నాకు. కానీ భారతిని ఏమీ అనలేకపోయాను. ఎందుకంటే ఆ ప్రెస్సులో ఈ పద్ధతి పెట్టినవాణ్ణి నేనే. కంప్యూటర్లు రాకముందే పెట్టాను. దానివల్ల ఒక ఆడపిల్లకు ఏం జరగబోయిందో, అది ఎట్లా తప్పిందో, ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నా చదువు

నేను నాలుగో తరగతితో బడి మానేశాను. ప్రెస్సులో నాకిచ్చిన మొదటి పని, అచ్చయిపోయిన సీసం అక్షరాలను ఏ గూటివి ఆ గూట్లో వేయడం. కన్నడం, తెలుగు, అరవం, ఇంగ్లీషు నాలుగూ ఆ గూళ్ల దగ్గరే వచ్చాయి. పెళ్లిపత్రికలు, గని కార్మికుల సంఘం కరపత్రాలు, సినిమా నోటీసులు, చావుకబుర్ల కార్డులు, ఇవే నా పాఠ్యపుస్తకాలు. అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి చదవడం ముందు వచ్చింది, మామూలుగా చదవడం తర్వాత వచ్చింది.

ఇట్లా చదువుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. అచ్చులో పడినదంతా నిజమనుకుంటాడు. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. అచ్చు వేసేది నా చేతులే అయినా అనుకున్నాను. అంతకన్నా బుద్ధిలేనితనం ఉంటుందా?

పెద్ద చదువులు చదివినవాళ్లు మమ్మల్ని కూలివాళ్లలాగా చూసేవారు. "నువ్వు చదవొద్దప్పా, ఉండేది ఉండేటట్టు వెయ్యి చాలు," అని ఒక హెడ్‌మాస్టరు నా మొహం మీదే అన్నాడు. ఆయన పంపిన కాగితంలో అమరవీరుల జాబితాలో బతికున్న మనిషి పేరు ఉంది. చదవొద్దన్నారు కదా అని అట్లాగే వేశాను. ఆ మనిషే ప్రెస్సుకు వచ్చి, నన్ను పైనుంచి కిందికి చూసి, "నాకు దండ వేయడం మరిచిపోయినారే," అన్నాడు. చదవకుండా వేసేవాడు ఉద్యోగి కాదు, మెషిను. మెషిను పని మెషినే చేస్తుంది, నీకెందుకు ఇవ్వాలి జీతం?

దారం కట్టిన లైన్లు

వీడ్కోలు పుస్తకాల పని అంతా ఫిబ్రవరి చివర ఒక్కసారిగా వచ్చిపడేది. నాలుగైదు బళ్లు, అన్నిటికీ అదే వారం కావాలి. మా ఓనరు శెట్టి గల్లా దగ్గర కూర్చుని "ఇంగా కాలేదా? ఇంగా కాలేదా?" అని గడియారం కన్నా ఎక్కువ కొట్టుకునేవాడు.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. పిల్లల్లో సగంమందికి పైగా రాసేది డాక్టరు, ఇంజనీరు, టీచరు. ప్రతిసారీ ఆ అక్షరాలు ఏరి కూర్చడం ఎందుకు? "ఆశయం: డాక్టరు" అనే లైను పన్నెండు సార్లు కూర్చి, ఒక్కోదానికి దారం చుట్టి అరలో పెట్టుకున్నాను. అట్లాగే ఇంజనీరు పది, టీచరు ఎనిమిది. కార్డు మీద ఆ మాట కనబడితే చాలు, కట్టిన లైను తీసి పెట్టేయడమే. పని సగానికి దిగింది. శెట్టి నా వీపు తట్టి, "నీ తలకాయకి ఒక దండం మునెప్పా," అన్నాడు. ఆ మెచ్చుకోలు నన్ను ఇరవై ఏళ్లు చెడగొట్టింది.

కాలితో తొక్కే ట్రెడిల్ మెషిను పోయి కంప్యూటర్ వచ్చినా నా అలవాటు పోలేదు. దారానికి బదులు ఒక ఫైలు. మౌసు నొక్కితే డాక్టరు, ఇంకోసారి నొక్కితే ఇంజనీరు.

ఆ పుస్తకాల్లో నాకు ఇష్టమైనది మాత్రం స్వభావం లైను. మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఎవరి స్వభావం వాళ్లు రాసుకోకూడదు. బెంచీలో పక్కన కూర్చున్నవాళ్లు రాయాలి. టీచర్లు దానిమీద చేయి పెట్టకూడదు. అందుకే అక్కడ నిజం పడేది. "నవ్వు మొదలైతే ఆగడు, బయటికి పంపినా కిటికీలోంచి నవ్వుతాడు." "ఇచ్చిన రబ్బరు తిరిగి ఇవ్వదు, అడిగితే ఏడుస్తుంది." "సైనైడ్ గుట్ట మీద క్రికెట్ ఆడితే బాలు పోయినా వెతకడానికి దిగేది వీడొక్కడే." (గనుల మట్టి పోసిన గుట్టల్ని మేము అట్లా అంటాము.) ఒకడు హాబీ దగ్గర "నిద్ర" అని రాసి, ఆశయం దగ్గర "నరసాపురం కంపెనీ బస్సులో కిటికీ సీటు" అని రాశాడు. వాళ్లన్న నరసాపురం ఫ్యాక్టరీకి ఆ బస్సులోనే రోజూ నిలబడి పోతుండేవాడట. అది ఆశయం కాదా? ఐఏఎస్ కన్నా నాకు అదే బాగా అర్థమైంది.

రత్న వచ్చిన రోజు

ఏడేళ్ల కిందటి మాట. మే నెల, పదకొండు గంటలు. యూనిఫారం పైజమా, మామూలు చొక్కా వేసుకున్న ఒక అమ్మాయి ప్రెస్సు మెట్లెక్కింది. చేతిలో మార్చిలో మేము వేసిన పుస్తకం. శెట్టి బ్యాంకుకు పోయి ఉన్నాడు.

"ఈ పుస్తకం వేసింది ఎవరు తాతా?"

"నేనేమ్మా. ఎందుకు?"

ముప్పై నాలుగో పేజీ తీసి నా ముందు పెట్టింది. "నా పశువులు ఎందుకు తీసేసినారు?"

నాకు అర్థం కాలేదు. పేజీ చూశాను. రత్న. స్వభావం: ఎవరైనా ఏడిస్తే పోయి పక్కన కూర్చుంటుంది, ఏమీ మాట్లాడదు. హాబీ: దూడలకు పేర్లు పెట్టడం. ఆశయం: డాక్టరు.

"బాగానే ఉండాది కదమ్మా?"

"నేను రాసింది పశువుల డాక్టరు."

"నువ్వు రాసిందే వేస్తాము. నువ్వే మరిచిపోయుంటావు." సిగ్గులేకుండా అన్నాను ఆ మాట. ఈ పనిలో అందరికీ మొదట నోటికొచ్చేది అదే. తప్పు రాసినవాడిది, వేసినవాడిది కాదు.

ఆ అమ్మాయి పోట్లాడలేదు. "కార్డు చూడండి," అంది, అంతే.

పాత కార్డుల సంచి అటక మీద ఉంది. దింపి వెతికాను. ఆమె కార్డు దొరికింది. నీలం సిరాతో, గుండ్రటి కన్నడ అక్షరాల్లో ఇట్లా ఉంది: "పశువుల డాక్టరు. ఆవులకు మాత్రమే. కుక్కలంటే భయం."

నా కన్ను 'డాక్టరు' అనే మాటను పట్టుకుంది, చేయి మౌసు నొక్కింది. ముందున్న పశువులూ పోయాయి, వెనకున్న కుక్కలూ పోయాయి. దూడలకు పేర్లు పెట్టే పిల్ల అని పై లైనులోనే ఉంది. దాన్ని అచ్చు వేసిన చేయి కింది లైను దగ్గర ఆగి ఒక్క క్షణం ఆలోచించలేదు. ప్రూఫ్ దిద్దేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇది: లైను లైనుగా చదవొద్దు. ఒక మనిషి పేజీలో నాలుగు లైన్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. మాట్లాడుకోకపోతే ఎక్కడో మన చేయి పడిందని అర్థం.

"సరేనమ్మా, తప్పే. ఇప్పుడేమైంది దానివల్ల?"

నిలబడే చెప్పింది. వాళ్లది మాలూరు తాలూకా లక్కూరు. తల్లి లేదు. హైస్కూలుకు ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదివింది. తండ్రి నంజప్పకు రాగి చేను, రెండు ఆవులు. ఈ పుస్తకం చేతికి రాగానే ఆయన దాన్ని ఊళ్లో పాల డైరీకి తీసుకుపోయి, పాలు పోసేవాళ్లందరికీ ఆ పేజీ చూపించాడు. అప్పట్నుంచి ఊళ్లో ఆయన పేరు 'డాక్టరు నాయన'. ఎవరో చెబితే బెంగళూరులో మెడికల్ కోచింగ్ ఇచ్చే హాస్టల్ కాలేజీకి పోయి మాట్లాడి వచ్చాడు. దాని ఫీజుకు ఆవులు రెంటినీ అమ్ముతున్నాడు.

"నేను మాలూరు గవర్నమెంటు కాలేజీకి ఇంటినుంచి బస్సులో పోతాను తాతా. రెండేళ్ల తర్వాత పశువైద్యం కాలేజీలో రైతుబిడ్డలకి వేరేగా సీట్లు ఉండాయి. దానికి ప్రాక్టికల్ పరీక్ష పెడతారు. ఇంట్లో ఆవు ల్యాకుంటే నేనేం నేర్చుకునేది? మా ఆవు గౌరికి ఇది మూడో ఈత. సంతకి తోలితే దాన్ని ఇంగ చూడను."

"మీ నాయనకి చెప్పొచ్చు కదమ్మా?"

"చెప్పినాను. 'అచ్చులో అట్లా ల్యాదే' అన్నాడు."

నాకున్న జబ్బే ఆయనకూ ఉంది. కన్నకూతురు నోటితో చెప్పినదానికన్నా నా మౌసు నొక్కినది ఆయనకు నిజమైంది.

"సంత ఎప్పుడు?"

"ఎల్లుండి."

శెట్టి ఒప్పుకోలేదు

శెట్టి వచ్చాక విషయం చెప్పి, సవరణ చీటీ ఒకటి వేద్దామన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. నా భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు మూడు వారాలు రోజూ క్యారియరు పంపినవాడు. కానీ తప్పు ఒప్పుకోవడం మాత్రం ఆయన వంట్లో లేదు.

"మన తప్పని మనమే అచ్చు వేసి ఊరంతా పంచుతామా? రేపు పెళ్లిపత్రిక ఎవడిస్తాడప్పా మనకి?"

"ఆ పిల్ల చదువు పోతుంది సార్."

"డాక్టరనే కదా వేసినాం, దొంగ అని వేయలేదు కదా! ఇంగా పెద్ద మాటే వేసినాం. సంతోషపడాల."

"ఆమె అడిగింది అది కాదు."

"మునెప్పా, కంప్యూటర్ ముట్టుకోవద్దు. చెప్పేసినాను." కంప్యూటర్ గదికి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని భోజనానికి పోయాడు.

నాకు పట్టుదల వచ్చింది. ప్రెస్సు వెనక వసారాలో పాత ట్రెడిల్ ఇంకా ఉంది. బిల్లు పుస్తకాలకు నంబర్లు కొట్టడానికి మాత్రమే వాడేవాళ్లం. పక్కనే కన్నడ అక్షరాల గూళ్ల పెట్టె ఒకటి, దుమ్ము పట్టి. గూళ్లు తుడిచి, పదేళ్ల తర్వాత నిలబడి అక్షరం అక్షరం ఏరాను. వేళ్లు మరిచిపోలేదు. కట్టిన లైను ఒక్కటీ లేదు ఆ చీటీలో. ఇట్లా కూర్చాను:

"పేజీ 34. రత్న. ఆశయం డాక్టరు అని పడింది. ఆమె రాసింది పశువుల డాక్టరు, ఆవులకు మాత్రమే, కుక్కలంటే భయం. తప్పు ప్రెస్సుది, అమ్మాయిది కాదు."

కింద ప్రెస్సు పేరు కూడా వేశాను. కాలితో తొక్కి యాభై చీటీలు తీశాను. శెట్టి తిరిగొచ్చేసరికి అవి బల్లమీద ఆరుతున్నాయి. ఒకటి తీసి చదివాడు.

"రేపట్నుంచి రావద్దు," అన్నాడు.

"రేపు ఎట్లా రాను సార్? లక్కూరు పోవాల."

లక్కూరులో

మరుసటి పొద్దున రత్నను వెంటబెట్టుకుని రైలెక్కి మాలూరులో దిగి, బస్సు పట్టుకున్నాను. రత్న పక్కన కూర్చుంది కానీ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె బెంచీ పక్కపిల్ల సరిగ్గానే రాసింది.

నంజప్ప వాకిట్లో గౌరిని కడుగుతున్నాడు. కొమ్ములకు నూనె రాసి ఉంది, సంత కోసం. నన్ను చూసి మర్యాదగా నులకమంచం వాల్చాడు. ప్రెస్సు మనిషినని తెలిసి ఇంకా సంతోషపడ్డాడు. "మీరేనా అచ్చు వేసింది! చల్ల తాగండన్నా."

చీటీ ఇచ్చాను. కూడబలుక్కుంటూ చదివాడు. పెదవులు కదిలాయి, ఆగాయి. మళ్లీ మొదట్నుంచి చదివాడు. మొహం మారిపోయింది.

"ఊరంతా చెప్పుకున్నాను నేను. నలుగురిలో నన్ను నవ్వులపాలు చేసేదానికి ఇంత దూరం వచ్చినావా?"

"నవ్వితే నన్ను చూసి నవ్వమనండి నంజప్పా. పని సరిగ్గా చేయనోణ్ణి నేనే."

"అచ్చులో తప్పు ఎట్లా పడతాది? చదువుకున్నోళ్లు వేసేదే కదా?"

నా రెండు చేతులూ ఆయన ముందు చాపాను. వేళ్ల సందుల్లో నిన్నటి సిరా ఇంకా పోలేదు. "చూడండి, ఇదే అచ్చంటే. నాలుగో తరగతితో బడి మానేసిన ముసలోడి చెయ్యి. దీన్ని నమ్మి మీరు కన్నబిడ్డ మాట నమ్మకుండా పోయినారు."

ఆయన కూతురివైపు తిరిగాడు. "నాకు గట్టిగా చెప్పుంటే ఏం?"

"గట్టిగానే చెప్పినాను నాయనా. నువ్వు డైరీలో అందరికీ పేజీ చూపిస్తా ఉన్నావు, వినబడలేదు."

నాకు భయమేసింది, కొడతాడేమోనని. ఆయన మాత్రం మెల్లగా, "కుక్కలంటే భయమా?" అన్నాడు. "ఎప్పట్నుంచి?"

"చిన్నప్పట్నుంచి. నీకు తెలీదా?"

"తెలీదు."

ఆయన లేచి లోపలికి పోయాడు. ట్రంకుపెట్టెలో గుడ్డలో చుట్టి పెట్టిన పుస్తకం తెచ్చాడు. గిన్నె అడుగున మిగిలిన రాగి గంజి వేలితో తీసి, ముప్పై నాలుగో పేజీలో పాత లైను మీద చీటీని అంటించాడు. చదును చేసి ఊదాడు. తర్వాత గౌరి దగ్గరికి పోయి, కొమ్ములకు రాసిన నూనెను తన తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టాడు. ఒక కొమ్ము అయ్యాక నావైపు చూడకుండానే అడిగాడు.

"ఈ చీటీలు ఇంగా ఉండాయా?"

"ఉండాయి. ఎన్ని కావాల?"

"ఒకటి చాలు. డైరీ గోడకి."

ఈ మార్చి

శెట్టి నన్ను రెండు నెలలు పిలవలేదు. శ్రావణంలో పెళ్లిపత్రికల పని మీదపడగానే పిలిచాడు. ఆ చీటీ వల్ల పత్రికలేమీ తగ్గలేదు. ఆ విషయం ఆయన అనలేదు, నేనూ అడగలేదు. కట్టిన లైన్ల ఫైలును మాత్రం నేను వెళ్లిన మొదటిరోజే తీసిపారేశాను. రత్న ఇప్పుడు పశువైద్య కాలేజీలో చివరి ఏడాది. అక్కడ కుక్కలకు కూడా సూది వేయాలట. ఇప్పటికీ కళ్లు మూసుకునే వేస్తున్నానని ఫోన్లో చెప్పి నవ్వింది.

నేను పని మానేశాక ప్రెస్సులో ఆ ఫైలు మళ్లీ పుట్టింది. ఈసారి స్కూలువాళ్లే అడిగి పుట్టించారు. అందుకే ఈ మార్చిలో ప్రూఫులు చంకన పెట్టుకుని, సంచిలోని కార్డులతో సహా స్కూలుకు పోయాను. మేనేజరు కుర్చీ కూడా చూపలేదు. "మీకెందుకండీ ఇదంతా? పిల్లలకు పెద్ద ఆశలుండాలి," అన్నాడు.

"ఉండనీయండి సార్. వాళ్లవి ఉండాల, మీవి కాదు. వాళ్ల చేతి సంతకం ల్యాకుండా నేను ప్రూఫ్ వదలను."

వరండాలో కూర్చున్నాను. ఇంటర్వెల్ గంట కొట్టారు. డజను పెన్సిళ్లు కొని తీసుకుపోయాను. ఒక్కొక్కరికి తన పేజీ, తన కార్డు చేతికిచ్చి, "ఇది నీదేనా?" అని మాత్రం అడిగాను. మొదట నవ్వారు, తోసుకున్నారు, ఒకరిది ఒకరు లాక్కుని చదివారు. తర్వాత పెన్సిళ్లు కదిలాయి. ఐఏఎస్ ముప్పై ఒకటిలో నాలుగు మిగిలాయి. ఆ నలుగురికీ అది నిజంగానే కావాలి, సంతోషం. మేనేజరు తలుపు దగ్గర నిలబడి చూశాడు కానీ, అంతమంది పిల్లల ముందు కాదనలేకపోయాడు.

చివర్న పన్నెండో పేజీ కుర్రవాడు ఒకడు మిగిలాడు. పక్కవాడు రాసిన స్వభావం: ప్రశ్న అడిగితే ముందు ఆకాశం చూస్తాడు. వాడు ఆకాశమే చూశాడు, చాలాసేపు. పేజీలో ఐఏఎస్ కొట్టేసి, కార్డులో ఏముందో అదే మళ్లీ రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. భారతి దాన్ని అట్లాగే టైపు కొట్టింది.

పుస్తకం అచ్చయిన రోజు శెట్టి ఫోన్ చేశాడు. "మునెప్పా, పన్నెండో పేజీ చూసినావా? ఆశయం దగ్గర 'ఇంకా తెలియదు' అని పడిపోయిందే!"

"కార్డు చూడండి సార్," అన్నాను.